నాయన ముడి

నిన్న మా వీధిలో ఆగిన లారీ మీద టార్పాలిన్ కట్టి ఉంది. ఆ తాడు ముడి చూడగానే గుర్తుపట్టాను. అది నాయన వేసే ముడి.

నాయన ఒమన్‌లో, ఇబ్రి దగ్గర, ఒక అర్బాబ్ గుర్రాలు చూసుకునేవాడు. యజమానిని అక్కడ అలాగే పిలుస్తారు. నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మా నేనూ విజిట్ వీసా మీద వెళ్లాం. మేం తిరిగి రావడానికి రెండు రోజుల ముందు, కొండల వెంట స్వారీ బాట ఉన్నచోట క్యాంపు వేసి, అర్బాబ్ మమ్మల్నీ తీసుకెళ్లాడు.

చెమటతో వాసన కొడుతున్న గుర్రాన్ని ట్రైలర్‌కి కడుతూ నాయన చెప్పాడు.

"సూడు పాపా, ఇది ఎంత గుంజితే అంత బిగుస్తాది. ఈ కొస లాగితే చిటికెలో ఊడొస్తాది."

"మరి గుర్రమే లాక్కోదా?"

"దానికి అందకుండా కడతాం గదా."

పక్కనే ఉన్న అమ్మ, "ఈసారి మాతో వొచ్చేయి" అంది.

"పాస్‌పోర్టు అర్బాబ్ కాడ ఉండాది. ఆయన ఇస్తే ఒక్క నిమిషం పని."

ఒక్క నిమిషమే కదా! అర్బాబ్ మంచివాడు, నాకు గుప్పెడు ఖర్జూరాలు పెట్టాడు. రూముకు రాగానే నాయన చొక్కాలన్నీ మా సంచిలో సర్దేశాను.

నాయన తిట్టలేదు. ఒక్కొక్క చొక్కా తీసి మళ్లీ మేకుకు తగిలించాడు. అమ్మ మాత్రం ఎయిర్‌పోర్టు దాకా ఆ సంచి జిప్పు వేయలేదు.

నిన్న లారీ మనిషి వచ్చి కొస లాగాడు. నిజంగానే నిమిషం పట్టలేదు.

నాయన ఇంటికి రావడానికి ఆరేళ్లు పట్టింది.