భూమి కదలకముందే కదిలిన అల్లుడు

మర్యాదగల అల్లుడు అత్తగారింట్లో చెయ్యకూడని పనులన్నీ ఒక్క మధ్యాహ్నంలో, అదీ చేతిలో మాంసం కూర పళ్లెంతో సహా, నేను ఎలా చేశానో ఇప్పుడు చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వండి. బేతంచెర్లలో ఆ వీధి ఇప్పటికీ నవ్వుతూనే ఉంది, కాబట్టి మీ దగ్గర కొత్తగా పోయే పరువేమీ లేదు.

నేను కడపలో సాంఘికశాస్త్రం చెప్పే పంతులుని. అప్పటికి పెళ్లయి నెల దాటింది. మా ముస్లిం ఇళ్లల్లో పెళ్లయిన కొత్తల్లో శుక్రవారాలు అల్లుణ్ణి పిలిచి విందు పెడతారు. దాన్ని జుమాగీ అంటారు. ముందటివన్నీ రాత్రి విందులే, ఆ రోజు మధ్యాహ్నం పెట్టింది ఆఖరి జుమాగీ. కడపలో ఇల్లు దొరికేదాకా పుట్టింట్లోనే ఉన్న నా భార్య మాబున్నిని ఆ సాయంత్రమే కాపురానికి తీసుకుపోవాలి.

మామ దస్తగిరి ముప్పై ఏళ్లుగా గనిలో నాపరాళ్లు తీసే మనిషి. తల్లిలేని మాబున్నిని ఒంటిచేత్తో పెంచాడు. పెళ్లికి ఒప్పుకున్నాడు గానీ, ఈ సుద్దముక్కల పంతులు తన బిడ్డను చూసుకోగలడా అన్న అనుమానం ఆయన కళ్లలో ఇంకా అలాగే ఉంది. ఆ అనుమానం తీర్చేసి, నేనెంతటివాణ్ణో చూపించాలని నా ఆరాటం.

నమాజు చదువుకుని వచ్చి భోజనానికి కూర్చున్నాం. నేను, మామ, ఆయన తమ్ముడు. మాబున్ని వడ్డిస్తోంది.

"పిల్లోళ్లకు ఏం చెప్తాండావప్పా ఈ నడమ?" అని మామ మర్యాదకు అడిగాడు. అడక్కుండా ఉండాల్సింది.

"భూమి లోపలి పొరలు మామా!" అంటూ రొట్టెను రెండు ముక్కలు చేసి కూరమీద తేలేటట్టు వేశాను. "మనం నిలబడేది భూపటలం. దాని కింద ప్రావారం. అన్నిటికీ అడుగున కేంద్రమండలం, అదంతా దాదాపు ఇనుమే. ఈ రొట్టె ముక్కలు భూపలకలు అనుకోండి. ఇవి కదులుతూ ఉంటాయి."

"అయితే కిందంతా పులుసేనా?"

"పులుసు కాదు మామా, రాయే. కాకపోతే వేడికి మెత్తబడి, గోరు పెరిగినంత నిదానంగా జరుగుతుంది. మన దేశం అట్లా ఉత్తరానికి పోతూ ఉంది."

మామ చేతిలో ముద్ద ఆగిపోయింది. "బేతంచెర్ల గూడా పోతాందా?"

"పోతాంది మామా."

"టికెట్టు లేకుండానా!" అన్నాడు చిన్నమామ.

నవ్వులు చూసి నాకు ఊపొచ్చింది. "పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని పట్టు తప్పాయంటే భూకంపమే. అప్పుడు మగవాడు ధైర్యంగా ఉండాలి. ముందు ఆడవాళ్లను, ముసలివాళ్లను..."

ధన్‌మంది. గూట్లో స్టీలు గ్లాసులు గలగలలాడాయి. నేను కూర్చున్న నేల వణికింది.

"భూకంపం! అందరూ బయటికి!" అని అరిచాను. అరిచిన చోట మాత్రం నేను లేను, అప్పటికే గడప దాటేశాను. దారిలో చిన్నమామ తొడ తొక్కానట, నాకైతే గుర్తు లేదు.

వీధి చివర ఖాళీ స్థలందాకా పోయి ఆగాను. వెనక్కి చూస్తే ఒక్కరూ రాలేదు. పక్కన అరుగుమీద సుబ్బమ్మవ్వ బియ్యం చెరుగుతోంది.

"ఏమప్పా కొత్తల్లుడా, పళ్లెం ఎత్తుకోని యాడికి పోతాండావు? కూర బాగలేదా?"

"భూకంపమవ్వా! లెయ్యి!"

"భూకంపమా? గనిలో రాయి పగలాలని మందు తూటా పేల్చినారప్పా. దినామూ ఈ పొద్దుకే పేలుస్తారు. ఆ సప్పుడు ఇనే నేను ఎసరు పెట్టేది."

మామూలు మనిషైతే అక్కడితో తల దించుకుని ఇంటికి పోతాడు. నేను పంతుల్ని కదా! "అట్లా కొట్టిపారెయ్యగూడదవ్వా. పెద్ద అదురు తర్వాత చిన్న అదుర్లు వస్తాయి, చూడు" అన్నాను.

చెప్పినట్టే మళ్లీ ధన్‌మంది.

"చూశావా!"

"సూసినాలే. ఇంగోటుండాది. ఇంగ కాసేపటికి పేలుస్తారు. అదీ సూసి పోప్పా."

అరుగులన్నీ ఒక్కసారిగా నవ్వాయి. మామ నా చెప్పులు పట్టుకుని వచ్చాడు. ఆయనొక్కడే నవ్వలేదు.

"ఏసుకో, ముండ్లుంటాయి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "చదువుకున్నోడివి, ఒక మాట అడుగుతా. అది నిజంగా భూకంపమే అనుకో. నా బిడ్డ యాడుండాది?"

"లోపల, మామా."

"నువ్వు?"

నా పళ్లెం వైపు చూసుకున్నాను. చుక్క కూడా ఒలకలేదు. అంత భద్రంగా కాపాడుకొచ్చాను, కూరను.

"ఈ సాయంత్రం పంపాల్నా వద్దా అని ఆలోచన చేస్తాండా" అని మామ వెనుదిరిగాడు.

ఇంట్లో మాబున్ని గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లనిండా నీళ్లు.

"నేను మీ ఎనకాలే వస్తాననుకుంటిరా?"

అవునని అబద్ధం చెబితే సరిపోయేది. నోరు రాలేదు. "నేనేమీ అనుకోలేదు మాబున్నీ. భయపడ్డా. ఆ భయంలో నువ్వు గుర్తుకే రాలేదు. అదే ఇప్పుడు నాకు శానా బాధగా ఉండాది."

ఆమె మొహం తిప్పేసుకుంది. అప్పుడు పేలింది మూడోది.

అది తూటా అని నా బుర్రకు బాగా తెలుసు. కాళ్లకు ఎవరూ చెప్పలేదు. తేరుకునేసరికి మళ్లీ సుబ్బమ్మవ్వ ముందు నిలబడి ఉన్నాను. ఈసారి పళ్లెం లేదు. నా చేతిలో మాబున్ని చెయ్యి ఉంది. ఆమె రెండో చేతిలో గరిటె, మా ఇద్దరి బట్టలమీదా పులుసు. మాబున్ని ఏడుపు మధ్యలోనే నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక నా భుజమ్మీద వాలిపోయింది.

మామ నిదానంగా నడిచొచ్చాడు. నన్ను చూశాడు, కూతుర్ని చూశాడు, నేనింకా వదలని ఆ చేతిని చూశాడు.

"సాయంత్రం బండికే పోండప్పా" అన్నాడు. "భయపడితే పడినావులే. నా బిడ్డను గూడా తీసుకోని భయపడు. అంతే సాలు."

కనుక భూపటలం సాక్షిగా, ప్రావారం సాక్షిగా, ఇంతవరకు ఎవరూ కళ్లారా చూడని కేంద్రమండలం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేలే కదిలినా, తూటాయే పేలినా, పెళ్లి ఊరేగింపులో టపాకాయే పేలినా, నేను ఒంటరిగా పారిపోను. ఇద్దరం కలిసే పారిపోతాం.