అక్కకు మానిపించిన సూది

మిరప కల్లంలో కాయల ఎరుపు కనిపించక, మా అక్క ఒక్కో కాయనూ చెవి దగ్గర ఆడించి తాలుకాయలు ఏరేది. చిన్నప్పుడే చక్కెర జబ్బు వచ్చింది, పదిహేనేళ్ళకు చూపు పోయింది. రెండూ పుట్టుకతో ఉన్న లోపం వల్ల వచ్చినవేననీ, అలాంటివి మేనరికాల్లో ఎక్కువనీ, ఇన్సులిన్ సూది మాత్రం ఆపొద్దనీ గుంటూరు డాక్టరు చెప్పాడు.

అమ్మానాన్నల మేనరికం కుదిర్చింది నాయనమ్మే. “మా సంబంధానికి వంకలు పెడతాడా? ఆ సూదులే దాని కళ్ళు తినేశాయి, ఆపెయ్యండి,” అంది. నాన్న ఆ రోజునుంచే సూది మానిపించాడు.

“కళ్ళు ఎటూ పోయాయి, సూదన్నా వెయ్యరా తమ్ముడూ,” అని అక్క నన్ను బతిమాలింది. నాకు వెయ్యడం వచ్చు. నాయనమ్మకు భయపడి వెయ్యలేదు. వారంలోపే అక్క పోయింది.

పదకొండో రోజు భోజనాలప్పుడు నాయనమ్మ అందరి ముందూ అంది: “వచ్చే ఏడు వీడికి వాళ్ళ మావయ్య కూతుర్ని చేసేద్దాం.”

“ఇంకెంతమందిని చంపుతావే?” అని విస్తరి తోసేసి లేచాను.