బాయిల అందరికీ గంతే

మా తమ్ముడు దాసు గోదావరిఖనిలో బొగ్గు గనిలో పనిచేస్తాడు. గనిని మా వైపు బాయి అంటాం. మసక వెలుతురులో తనకు చూపు ఆనడం లేదని వాడు రెండేళ్లుగా మొత్తుకుంటున్నాడు. రెండేళ్లుగా ఒక్కరూ నమ్మలేదు. ఈ హైదరాబాద్ ప్రయాణం ఆ కోపంతోనే మొదలైంది. ఇది రాస్తున్నప్పుడూ నా కోపం తగ్గలేదని ముందే చెబుతున్నాను.

ఎందుకు నమ్మరో బయటివాళ్లకు చెప్పాలి. ఫలానా మనిషి బాయి పనికి పనికిరాడని డాక్టర్లు తేలిస్తే ఆ కొలువు ఇంట్లో ఇంకొకరికి వచ్చే వీలుంది. దానికి మా దగ్గర అన్‌ఫిట్ అని పేరు. అందుకే ఎవరైనా నడుము నొప్పి అన్నా, కళ్లు మసక అన్నా జబ్బేమిటని అడగరు, నౌకరి ఎవరికి పెట్టిస్తున్నావని అడుగుతారు. దాసు భార్య సునీత డిగ్రీ చదివింది. ఇంకేం కావాలి! నాటకమని వాడకట్టంతా తీర్పు చెప్పేసింది. ఊళ్లో ఒక కళ్ల డాక్టరు గోడమీది అక్షరాలు చదవమంటే వీడు ఆఖరి వరుస దాకా గడగడా చదివాడు. "నీవి గద్ద కళ్లయ్యా, డ్యూటీకి పో" అని ఆయన పంపేశాడు.

పోయిన నెల బాయిలో పక్కనుంచి వస్తున్న బొగ్గు మోసే టబ్బు బండి కనపడక దాసు నేరుగా పట్టాల మీదికి నడిచాడు. జతగాడు మల్లేశు కాలర్ పట్టి వెనక్కి గుంజాడు కాబట్టి బతికాడు. పైకి వచ్చాక ఆ మల్లేశే "యాక్టింగ్ జబర్దస్త్ చేసినవ్ రా" అన్నాడట. అది విన్న రోజే నేను హైదరాబాద్‌కు టికెట్లు తీశాను. నేను బడిలో తెలుగు చెబుతాను. పరీక్షల ముందు సెలవంటే హెడ్‌మాస్టరు ముఖం మాడ్చుకున్నాడు. మాడ్చుకోనీ.

పొద్దున ఐదున్నరకు ఆటో ఎక్కి రామగుండం స్టేషన్ చేరాం. అప్పటికింకా పూర్తిగా తెల్లవారలేదు. ఓవర్ బ్రిడ్జి మెట్ల దగ్గర దాసు ఆగిపోయాడు. "అక్కా, జర ముందుగాల నడువు. నేను నీ ఎనకాల్నే వస్త" అన్నాడు. దేహం చూస్తే పహిల్వాన్, మెట్టు మెట్టుకూ కాలితో తడుముకుంటున్నాడు. దీన్ని నాటకమన్నవాళ్లను ఆ మెట్ల మీద నిలబెట్టి చూపించాలనిపించింది.

బండి ముప్పావు గంట ఆలస్యంగా వచ్చింది. వెళ్లేవాళ్లు ముందుగా రిజర్వేషన్ చేయించుకోండి. పెద్దపల్లి దాటితే జనరల్ పెట్టెలో నిలబడటానికీ చోటుండదు. మా ఎదుటి సీట్లో బెల్లంపల్లి నుంచి వస్తున్న ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన కూడా బాయిలో చేసి రిటైరైనవాడే.

"యాడికి బిడ్డా?" అని అడిగాడు.

"కంటి దవాఖానకు, కాకా" అన్నాను.

ఆయన దాసును ఎగాదిగా చూసి నవ్వాడు. "అన్‌ఫిట్‌కేనా? నల్లద్దాలు పెట్టుకో కొడుకా. గోడలు పట్కొని నడుసుడు ఇప్పటిసంది అలవాటు చేస్కో."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ కొడుక్కు కండ్లు పోతున్నా గిట్లనే చెప్తవా కాకా?" అని గట్టిగానే అడిగాను.

"గుస్సెందుకమ్మా? లోకం తీరు చెప్పిన" అని ఆయన కిటికీ వైపు తిరిగాడు. జమ్మికుంటలో సమోసాలు కొని మాకూ రెండు పెట్టాడు. తీసుకున్నాను. కోపం కోపమే, ఆకలి ఆకలే.

పదకొండున్నరకు సికింద్రాబాద్‌లో దిగాం. ఆటోలో ఆసుపత్రికి పోతే గేటు దగ్గరే మెడలో కార్డు వేసుకున్న ఒకడు తగులుకున్నాడు. "ఇక్కడ లైన్లో సాయంత్రం దాకా కూర్చోవాలి మేడం. మా సెంటర్‌లో మూలకణాల ఇంజెక్షన్ ఇస్తాం. మూడు సిట్టింగుల్లో చూపు గ్యారంటీ" అన్నాడు. రోగం ఏమిటో అడగనే లేదు! దాసు ముఖంలో ఆశ కదలడం చూసి వాడి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాను.

లోపల చుక్కల మందు వేశారు, కూర్చోబెట్టారు, మళ్లీ వేశారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నం తిన్నాం. తర్వాత అసలు పరీక్ష. తెల్లటి పెద్ద గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, మధ్య చుక్కనే చూస్తూ, చుట్టుపక్కల మెరుపు కనపడగానే బటన్ నొక్కాలి. మెరుపులు ఎక్కడ వస్తున్నాయో టెక్నీషియన్ ముందున్న తెరమీద నాకు తెలుస్తూనే ఉంది. ఒకటి పోతే ఒకటి వస్తున్నాయి. దాసు బొటనవేలు కదలడం లేదు.

"నిద్రపోతున్నారా సార్?" అని టెక్నీషియన్ అడిగాడు.

"ఏమన్న కనవడ్తె గద నొక్కేది" అన్నాడు దాసు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. రిపోర్టు చూసి, "చుట్టూ ఏమీ లేకుండా, మధ్యలో గుండ్రంగా ఇంతే కనపడటం ఎప్పటినుంచి?" అని దాసును అడిగింది.

"బాయిల అందరికీ గంతే గద మేడం" అన్నాడు వాడు. "బత్తి ఎంత మేర పడ్తె గంతనే కనవడ్తది."

"బావిలోకి ఎందుకు దిగుతున్నారు? మోటార్ లేదా?" అందామె. బాయి అంటే బొగ్గు గని అనీ, బత్తి అంటే టోపీకి కట్టుకునే దీపమనీ నేను చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది. "మరి పైన, ఎండలో?"

"పైన గూడ గంతే. అందరికీ గంతేననుకున్న."

అదీ సంగతి. లోపల ప్రతివాడూ దీపం వేసిన గుండ్రం మేరకే చూస్తాడు. ఆ అలవాటులో, దీపం తీసేశాక కూడా గుండ్రం అలాగే మిగిలిందని వీడికి తెలియలేదు. చీకటి ఒక్కటే తెలిసింది, అదే చెప్పాడు. గోడమీది అక్షరాలు పరీక్షించేది మధ్యచూపునే. ఆ మధ్యచూపు వీడికి ఇంకా బాగుంది. పక్కచూపు కూడా చూడాలని ఊళ్లో ఆ డాక్టరుకు తట్టకపోతే తప్పు ఎవరిది? నాటకం మాత్రం నా తమ్ముడిదట!

జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. కంటి వెనక రెటీనా అనే పొర ఉత్త ఫిల్ము కాదు, మెదడులోదే ఒక ముక్క. వెలుగును పట్టే కణాలు కోట్లకొద్దీ ఉంటాయి. మసక వెలుతురుకు, పక్కచూపుకు ఒక రకం, రంగులకు, సన్నటి అక్షరాలకు ఇంకో రకం. వాటి తర్వాతి వరసల్లోని కణాలు ఎక్కడ అంచు ఉంది, ఏది కదిలింది అని బేరీజు వేసి, పనికొచ్చే కబురే మెదడుకు పంపుతాయి. ఈ జబ్బులో ముందు మసక వెలుతురు కణాలు చస్తాయి. కబురు మోసే కణాలు చాలాకాలం బతికే ఉంటాయి.

"అంటే బొగ్గు ఎత్తేటోళ్లు సచ్చిన్రు, బొగ్గు మోసే బెల్టు మాత్రం ఒట్టిగ తిరుగుతున్నదా మేడం?" అన్నాడు దాసు.

"దాదాపు అంతే. ఆ మిగిలిన కణాలకే వెలుగును పట్టడం నేర్పాలని పరిశోధనలు జరుగుతున్నాయి. చిప్‌లు కూడా అమర్చి చూస్తున్నారు. ఒక జన్యువు లోపానికి మాత్రం ఇప్పటికే జన్యుచికిత్స ఉంది. మీది ఏ జన్యువో రక్తపరీక్షలో తేలాలి. తేలినా మందు ఉంటుందని మాట ఇవ్వలేను."

గేటు దగ్గరి గ్యారంటీ ఇంజెక్షన్ గురించి అడిగాను. ఆమె ముఖం ఎర్రబడింది. "దానితో ఉన్న చూపు పోయినవాళ్లు మా దగ్గరికే వస్తారు. నిజమైన పరిశోధన చేసేవాళ్లు రోగి దగ్గర డబ్బు గుంజరమ్మా" అంది. చీకట్లో, కదిలే యంత్రాల పక్కన పని వద్దని రిపోర్టులో రాసి సంతకం చేసింది.

ఆ రాత్రి దగ్గర్లోని లాడ్జిలో ఉన్నాం. గది శుభ్రంగానే ఉంది కానీ బాత్రూం బల్బు వెలగదు. దాసు లాంటివాళ్లను తీసుకుపోతే ముందే చూసుకోండి. మర్నాడు రక్తం ఇచ్చి, మధ్యాహ్నం బండి ఎక్కాం.

ఇంత విన్న మనిషి దిగులుపడతాడనుకున్నాను. కాజీపేట దాటాక చూస్తే దాసు నవ్వుతున్నాడు! "నాటకం కాదని తేలింది గద అక్కా. ఇగ ఎవ్వనికీ జవాబు చెప్పే పని లేదు" అన్నాడు. కళ్లు పోతాయని డాక్టరు చెబితే సంతోషపడే గతి పట్టించారు నా తమ్ముడికి. మీ ఇంట్లో ఎవరైనా పొద్దుగూకితే కనపడటం లేదంటే ముందు నమ్మండి. నమ్మి, పక్కచూపు పరీక్ష చేయించండి.

పెద్దపల్లి వచ్చేముందు వాడు హుషారుగా మల్లేశుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. "నా కండ్లల్ల రోగమే ఉన్నదిరా. డాక్టర్ రాసిచ్చింది" అన్నాడు.

"అరె, పని అయిందన్నట్టు!" అని మల్లేశు గొంతు సంబరంగా వినపడింది. "కాగితానికి ఎంత అడిగిన్రు? మా బామ్మర్దికి గూడ ఒకటి కావాలె."

నేను ఫోన్ లాక్కున్నాను. "మల్లేశూ, అసొంటి కాగితం నీ బామ్మర్దికి రావద్దని దేవునికి మొక్కుకో!" అని అరిచి కట్ చేశాను. పెట్టెలో అందరూ మావైపే చూశారు. చూడనీ.

దాసు ముఖంలో నవ్వు లేదు. రామగుండం దగ్గరపడుతుంటే నెమ్మదిగా అడిగాడు:

"పూరాగ గుడ్డోన్నయినంకనన్న నమ్ముతరా అక్కా?"