తిరగేసిన తీగలు

ఎనభైలలో మా ఆయన జహీరాబాద్‌లో మా చెరుకు పొలం చూసుకుంటూ, పెళ్లిళ్ల రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవారు. ఒక చలికాలం బెల్లం గానుగలోకి చెరుకు తోస్తుంటే ఆయన ఎడమచెయ్యి కూడా లోపలికి పోయింది. దవాఖానలో బొటనవేలు, చూపుడువేలు దక్కాయి. మిగతా మూడూ సగానికి పోయాయి. గిటారు మెడ మీద తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే.

కట్లు విప్పాక ఆయన గిటారును అటకెక్కించారు. దాని మాట ఎత్తితే కంచం ముందునుంచి లేచిపోయేవారు. ఒకరోజు పొద్దున పొలానికి బయల్దేరుతూ చెప్పారు.

"సాయంత్రం బీదర్ నుంచి మా ఆర్కెస్ట్రాల తబలా వాయించే ఆయన వస్తుండు. గిటారు తీసుకపోతడు. తుడిచి పెట్టు."

ఇంకో మాటకు తావులేకుండా వెళ్లిపోయారు.

ఆర్కెస్ట్రాకు ఒకసారి హైదరాబాద్ నుంచి ఎడమచేతివాటం గిటారిస్టు వచ్చాడు. తీగల వరుస తిరగేసి బిగించుకుంటానని అతను మా ఆయనకు చూపిస్తుంటే పక్కనే ఉండి విన్నాను. అదొక్కటే నాకు తెలిసిన విద్య. తలుపు గడియపెట్టి, గిటారు దించి, తీగలన్నీ విప్పేశాను.

లావు తీగ ఉన్నచోట సన్నతీగ, సన్నతీగ ఉన్నచోట లావుది రావాలి. కానీ మెడ చివరన తీగలు కూర్చునే తెల్లటి పట్టీలో ఒక్కో గాడి ఒక్కో తీగకు సరిపోయేలా కోసి ఉంది. సన్నగాడిలో లావుతీగ దిగలేదు. పట్టీనే ఊడదీసి అటుదిటు తిప్పాలి. దాని పక్కన చెక్కముక్క ఆనించి రోకలి అంచుతో మెల్లగా తట్టాను. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తట్టాను. టప్పుమంటూ ఊడి నేలమీద పడింది. పగిలిందనుకుని కాసేపు దాన్ని చూడలేకపోయాను. పగల్లేదు.

దాన్ని తిప్పి జిగురుతో అంటిస్తుండగా తలుపు చప్పుడైంది. లేచి గడియ తీశాను. ఆయన తొందరగా వచ్చేశారు.

బోసి గిటారును చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఖరాబ్ చేసినవ్ కదనే! ఆయనకేం మొఖం చూపియ్యాలె?"

"తీగలు ఉల్టా ఎక్కిస్తున్న. కుడిచేత్తోని నొక్కున్రి, ఎడమచేత్తోని మీటున్రి. మీటనీకి రెండువేళ్లు చాలవా?"

"నా మీద జాలి పడుతున్నవా?"

తల వంచుకుని తీగలు ఎక్కించసాగాను. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఇల్లంతా తీగలు బిగించే చెవులు తిప్పుతున్న కిర్రుమనే చప్పుడే. చివరిది అన్నిటికంటే సన్నతీగ. పాత మడత దగ్గర అది వంకరపోయి ఉంది. తెగితే ఇంకోటి లేదు. తిప్పేకొద్దీ బిగుసుకుని సన్నగా ఏడ్చింది.

"ఆగు!" ఆయన ఇటు తిరగలేదు. "తెగుతది. జర వదులు చెయ్... ఇప్పుడు కొద్దికొద్దిగ తిప్పు."

తిప్పాను.

"ఇంకా. ఇంకా జర... చాలు."

తబలా ఆయన వచ్చేసరికి గిటారు మా ఆయన ఒళ్లో ఉంది, మెడ కుడివైపుకు. వచ్చినాయన వంగి చూశాడు. "ఇదేంది భాయ్, ఉల్టా గట్టిన్రు?"

"ఇయ్యనీకి లేదు," అన్నారు మా ఆయన. "కూసో. చాయ్ తాగి పో."

ఆ తర్వాత సుఖమేమీ లేదు. కుడిచేతి వేళ్లు చెప్పినమాట వినేవి కావు. మెడ మీద పైకి పోతే శ్రుతి తప్పేది. గిటారును మంచం మీదికి విసిరేసిన రోజులున్నాయి. ఆయన దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకునేదాకా నేను వంటింట్లోనే ఉండేదాన్ని.

మరుసటి ఏడు చిరాగ్‌పల్లిలో పెళ్లి. నన్నూ వెంట రమ్మన్నారు. ఆయన గిటారు ఎత్తుకోగానే పెళ్లివారి పెద్దమనిషి అడ్డొచ్చాడు. "శుభమా అని పెండ్లయితుంటే ఎడమచేత్తోని వాయిస్తవా?"

మా ఆయన చెయ్యి పైకెత్తి చూపించారు. "నా చెయ్యి గిదే పెద్దయ్యా. ఉండాల్నా, పోవాల్నా?"

పెద్దమనిషి ఆ చేతిని చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన వాయించారు.

మరునాడు బస్సులో కిటికీవైపు చూస్తూ అడిగారు. "రెండో పాటల తప్పిన. విన్నవా?"

"విన్న."

"ఇంటికి పోంగనే అది సరిజేయాలె," అన్నారు.