బావ ఆడిన డిఫెన్స్

ఆ బ్యాటు ఇద్దరం కలిసి కొన్నదే గానీ, ఎంచుకున్నది మాత్రం బావ. బావంటే మా అక్క భర్త. అరబ్బు దేశంలో, షుఐబా అనే చోట ఇద్దరం ఒకే కాంట్రాక్టు కింద పైపుల పని చేసేవాళ్లం. శుక్రవారాలు క్రికెట్ ఆడేవాళ్లం. నేను ఓపెనర్‌ని. సిమెంటు మీద పరిచిన మ్యాటింగ్ పైనుంచి కొత్త బంతి ఛాతీ దాకా లేచేది. దానికి చేతిలో తేలిగ్గా తిరిగే బ్యాటు కావాలి. బావది ఆరో నంబరు. దిగితే కొట్టడమే. ఆయనకు బరువు కావాలి, అడుగున లావు కావాలి.

"గోక్కునేదానికి నీకు బ్యాటెందుకురా బామ్మర్దీ, దువ్వెన చాలదా?" అన్నాడు షాపులో. లావుదే కొన్నాం.

దానికి అవిసె నూనె పట్టించేవాడు. మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియాలో మా కడప దర్జీ ఒకాయన యూనిఫాంలు కుట్టగా మిగిలిన ఖాకీ గుడ్డతో దానికో సంచి కుట్టి, భుజానికి పట్టీ పెట్టాడు. చూసి ముగ్గురం మురిసిపోయాం. దూరం నుంచి అదెలా కనబడుతుందో ఎవరికీ తట్టలేదు.

తొంభైలో, ఆగస్టు నెలలో ఇరాక్ సైన్యం ఆ దేశంలోకి వచ్చింది. కొన్ని వారాలకు, ఇంటికి పంపే బస్సులకు అబ్బాసియాలో పేర్లు రాసుకుంటున్నారని విని బయలుదేరాం. మనిషికి ఒక సంచి అన్నారు. బావ బట్టలు తగ్గించి బ్యాటు తగిలించుకున్నాడు.

"ఈడ పెట్టిపోతే పొయ్యిలో పెడతార్రా."

పికప్ మమ్మల్ని అబ్బాసియా బయటే దించేసింది. పొద్దున పదిన్నర. రోడ్డు మలుపులో చెక్‌పోస్టు. అక్కడున్న సైనికుడు బావ భుజం చూసి, అరుస్తూ తుపాకీ ఎత్తాడు. మోకాళ్ల మీద కూర్చున్నాం. ఆ సంచి అతనికి తుపాకీ సంచిలా ఎలా కనబడిందో అప్పుడు నాకూ కనబడింది.

బావ మెల్లగా పట్టీ తీసి సంచి విప్పాడు. సైనికుడు గుడ్డను తడిమి, వేళ్లు వాసన చూశాడు. నూనె, తుపాకీకి పట్టించినట్టు. అతని ముఖం ఇంకా బిగిసింది.

"షినూ హాదా?" ఏమిటిది అని.

"క్రికెట్. హిందీ, క్రికెట్," అన్నాడు బావ. హిందీ అంటే అక్కడ ఇండియా మనిషని.

ఆ మాట అతనికి తెలియదు. ఏం చేస్తారో చూపించమన్నట్టు తుపాకీ మొన ఆడించాడు. బావ లేచి నిలబడి బ్యాటు పట్టుకున్నాడు. బౌలరు పరుగు మొదలుపెట్టక ముందే బ్యాటును భుజం పైకి లేపడం ఆయన అలవాటు. సైనికుడు నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. బ్యాటు కదిలింది.

"బావా, ఎత్తొద్దు! డిఫెన్స్ ఆడు."

"నాకు రాదు కదరా." ఆయన తల తిప్పలేదు.

"ఎడం కాలు ముందుకెయ్యి. తల వంచు. బ్యాటు కాలి పక్కనే ఆనించు."

వేశాడు. వంచాడు. ఆనించాడు. లేని బంతిని మూడుసార్లు ఆపాడు.

సైనికుడు బ్యాటు లాక్కుని ఒక చేత్తో ఎత్తి చూశాడు. ఆ బరువు తెలిశాక మళ్లీ బావ వైపు చూశాడు. అది తల మీద పడితే ఏమవుతుందో అతను లెక్క వేసుకుంటున్నాడనిపించింది.

"ఖలాస్," అన్నాడు బావ, రెండు చేతులూ ఎత్తి. "నీకే. ఖలాస్."

అతను వెళ్లమన్నట్టు గడ్డంతో సైగ చేశాడు.

నడిచాం. నా వీపు మీద బావ అరచెయ్యి ఉంది. వెనక్కి తిరగకుండా అది నన్ను ముందుకు తోస్తూనే ఉంది. కాల్చిన చప్పుడు కోసం చెవులు ఎదురుచూశాయి. సందు తిరిగాక ఆ చెయ్యి తీసి అన్నాడు:

"నువ్వు చెప్పిన తేలికది కొనుంటే తిరిగిచ్చేటోడేమోరా."

ఇద్దరం అక్కకు ఈ సంగతి చెప్పలేదు. మొన్న ఆయన పోయాక నేను చెప్పాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"నడిచేటప్పుడు ఎవరు వెనకుండిరి?"

ఆ రోజు మేము పక్కపక్కన నడవలేదన్న సంగతి, అన్నేళ్లకు, అప్పుడు గుర్తించాను.

"బావ," అన్నాను.