అరంగుళం

ఎనభైల మొదట్లో, అమెరికాలో, మా కింది అపార్ట్‌మెంట్ కుర్రాడు కాలేజీ ఫుట్‌బాల్‌లో పెద్ద స్టార్. అక్కడి ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో విసిరి పట్టే ఆట. ఎంత దూరం విసిరిన బంతినైనా పరిగెత్తి పట్టేవాడు. ఊరంతా నెత్తిన పెట్టుకుంది. కానీ మనిషి పొట్టి. పక్కన నిలబడితే నేనే కాస్త పొడుగు.

ప్రొఫెషనల్ టీమ్‌వాళ్లు ఎత్తు కొలుస్తారని తెలిసిన దగ్గర్నుంచి ఎప్పుడు చూసినా నేలమీద పడుకునే ఉండేవాడు. పడుకుంటే వెన్నెముక కాస్త సాగుతుందని చెప్పింది నేనే. డాక్టర్ని కదా, నోరు ఊరుకోదు. కొలిచే రోజున నా స్టేషన్ వాగన్ కారు వెనక భాగంలో వెల్లకిలా పడుకుని వచ్చాడు.

"డాక్, గుంతలు చూసుకుని మెల్లగా పోనివ్వు. అరంగుళం పోతుంది!"

టీమ్‌లోకి తీసుకున్నారు. మొదటి సీజన్‌లోనే ఓ ఆదివారం టీవీలో చూస్తున్నాం. గాల్లోకి ఎగిరి బంతి పట్టాడు. అతనికి రెండింతలున్న మనిషి వచ్చి గుద్దేశాడు. కిందపడ్డవాడు బంతి వదల్లేదు. కదల్లేదు కూడా.

"ఏమండీ, లేస్తాడంటారా?" అంది మా ఆవిడ.

కాళ్లు పడి ఉన్న తీరు చూశాను. వెన్నెముకే అనుకున్నాను. స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెట్టి, గబగబా మోసుకెళ్తున్నారు.

"మెల్లగా... మెల్లగా నడవండయ్యా," అని టీవీకి చెబుతూ కూర్చున్నాను.