పైపు విప్పే ముందు

తెల్లవారి ఆరింటికి మా సైనిక దళం నాచారంలో దిగింది. వాన తగ్గింది. నాలా నీళ్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. ఒక పాఠశాలలో మకాం. రెండు పడవలు, తాళ్లు, ఒక పెట్రోల్ అంబులెన్సు. నేను మెకానిక్‌ని. మాది ఉప్పల్. సొంత ఊరి దగ్గర డ్యూటీ పడటం సైనికుడికి అరుదు.

మధ్యాహ్నం ఆజ్ఞ వచ్చింది. మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ కార్మికుడి భార్యకు ఊపిరాడటం లేదు. ఆసుపత్రికి చేర్చాలి. దంపతులను ఎక్కించుకొని వస్తుండగా బండి దగ్గి ఆగింది. స్టార్ట్ అవుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఆగిపోతుంది. పెట్రోల్ ఫిల్టర్ మూసుకుపోయింది. కొత్తది నా సంచిలో ఉంది.

రేడియోలో అధికారి అడిగాడు. "ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు సార్."

"పదిలో కానివ్వు."

డ్రైవర్ జనగామ మనిషి. "ఇంజిన్ బందే ఉంది గదన్నా, పైపు ఇప్పెయ్."

ఇంజిన్ ఆగినా పైపులో ఒత్తిడి తగ్గదు. సైన్యంలో చేరకముందే, ఉప్పల్ గ్రంథాలయంలో బండ్ల గురించి ఉన్న ఒకే ఒక్క పుస్తకంలో ఆ సంగతి చదివాను. అలాగే విప్పితే పెట్రోల్ ముఖానికి చిమ్ముతుంది. వేడి ఇంజిన్ మీద పడితే మంటే.

ఆమెను స్ట్రెచర్‌తో, ఆక్సిజన్ సిలిండర్‌తో సహా దూరంగా ఒక అరుగు మీదికి చేర్చాం. పెట్రోల్ పంపు ఫ్యూజు పీకి, స్టార్ట్ చేయమన్నాను.

"ఫ్యూజు పీకి స్టార్టేంది? ఆగిపోతది!"

"ఆగాలనే."

"పేషంటును పెట్టుకొని బండిని సంపుతున్నవ్ అన్నా!"

పైపులో మిగిలింది తాగి ఇంజిన్ ఆగింది. మళ్లీ తిప్పించాను, అందుకోలేదు. నిప్పురవ్వ లేవకుండా బ్యాటరీ నెగటివ్ తీగ తీశాను. గుడ్డ చుట్టి స్పానర్ పెట్టేసరికి కర్పూరం వాసన. ముందు చక్రం దగ్గర ఆమె భర్త నిమ్మకాయ పెట్టి, పళ్లెంలో హారతి వెలిగించాడు.

"ఆర్పెయ్!"

"హారతి ఊదుతరా సార్? మా ఆమె పానం మీదికొస్తది."

"ఊదకు. పళ్లెం పట్కొని ఆ సందు చివరికి పో. ఆడ్నే మొక్కు."

వెళ్లాడు. నట్టు మెల్లగా వదులు చేశాను. చిమ్మలేదు. గుడ్డ తడిసింది, అంతే. దాన్ని దూరంగా పెట్టి, ఫిల్టర్ మార్చి, ఫ్యూజు, బ్యాటరీ తగిలించాను. ముందు తాళం మాత్రమే తిప్పి చూశాం. అతుకు పొడిగా ఉంది. తర్వాత స్టార్ట్. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కాడు. ఆగలేదు.

"ఇగ సంపకు," అన్నాడు.

ఆమెను ఆసుపత్రిలో అప్పగించాం. వరద నీళ్లు తగ్గాక దళం వెనుదిరిగింది. ఇప్పుడు రిటైరై ఉప్పల్‌లోనే ఉంటున్నాను. అందరూ పడవల గురించి అడుగుతారు. నాకు కనిపించేది, కదులుతున్న బండిలో ఆమె ఆక్సిజన్ మాస్కు. లోపల ఆవిరి పట్టేది, పోయేది. మళ్లీ పట్టేదాకా నేనూ ఊపిరి బిగపట్టేవాణ్ని.